అడ్డుపుల్ల పెట్టని సంతకం

వాల్వు మూసుకోవడానికి యాభై రెండు సెకన్లు పట్టింది.

స్టాప్‌వాచీ ఆమె చేతిలో ఉంది. పక్కనే మోకాళ్ల మీద కూర్చున్న వాల్వు మేస్త్రి, కదిలే ముల్లు మీద నుంచి చూపు తిప్పకుండా "అయిందా?" అన్నాడు. ముల్లు చివరి గీత మీదికి చేరి ఆగింది. ఆమె వాచీ నొక్కి అతని ముందు పెట్టింది. మేస్త్రి కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని అంకె చదివాడు. మళ్లీ చదివాడు.

"ముప్పై దాటకూడదు కదా," అన్నాడు, ఆమెకు తెలియని సంగతేదో చెబుతున్నట్టు.

"ఇంకోసారి చూద్దాం బాబాయ్."

రెండోసారి యాభై నాలుగు పట్టింది.

సముద్రం మధ్య ఇనుప కాళ్ల మీద నిలబడ్డ ప్లాట్‌ఫాం అది. తొంభై ఆరు మంది అక్కడే తిని, అక్కడే పడుకుని, అక్కడే పనిచేస్తారు. నీటి అడుగు నుంచి వచ్చే గ్యాసును శుభ్రం చేసి, కంప్రెసర్లతో ఒత్తి, నలభై కిలోమీటర్ల గొట్టంలో ఒడ్డుకు పంపుతారు. ఆ గొట్టం మొదట్లోనే, కంప్రెసర్ల హాలు దక్షిణం మూల ఉంటుంది ఈ వాల్వు. మామూలు రోజుల్లో దానికి పనేమీ లేదు, తెరుచుకుని ఊరకే ఉంటుంది. ప్లాట్‌ఫాం మీద ఎక్కడైనా గ్యాసు కారితే మాత్రం ఎవరూ ముట్టుకోకుండానే అది మూసుకోవాలి. మూసుకోకపోతే గొట్టం నిండా కూరి ఉన్న గ్యాసంతా వెనక్కి తన్నుకొచ్చి మంటకు మేతవుతుంది. అప్పుడు ఆర్పడానికి మనిషి మిగలడు.

ఆమె ఉద్యోగం పేరు 'అడ్డుకట్టల తనిఖీదారు'. గ్యాసును పసిగట్టే డిటెక్టర్లు, వాటంతటవే మూసుకునే వాల్వులు, నీళ్లు చిమ్మే పంపులు, మంటను ఆపే గోడలు, ఇలా పెద్ద ప్రమాదానికీ మనుషులకీ మధ్య నిలబడేవన్నీ పనిచేస్తున్నాయో లేదో చూసి రాయడం ఆమె పని. ఇరవై రెండేళ్ల కిందట మీటర్లు బాగుచేసే టెక్నీషియన్‌గా చేరి, నాలుగేళ్ల క్రితం ఈ కుర్చీలోకి వచ్చింది. వచ్చిన నెలకే ఎవడో కొంటెవాడు అడ్డుకట్టలో కట్ట తీసేసి పుల్ల తగిలించాడు. అప్పటినుంచి వెనకాల అందరికీ ఆమె 'అడ్డుపుల్ల'. ముఖం మీద అనేది మేస్త్రి ఒక్కడే. ఆమెకు కోపం రాదు. "పుల్లే కదా అనుకోకండి, కంట్లో పడితే తెలుస్తుంది" అంటుంది.

ఆ మధ్యాహ్నం ఆమె, ప్లాట్‌ఫాం అధిపతి గదిలో కూర్చుంది. అందరూ ఆయన్ని పెద్దాయన అంటారు. సముద్రం మీద ఆఖరి మాట ఆయనదే. బల్ల మీది స్పీకర్ ఫోనులో ఒడ్డు ఆఫీసు నుంచి ఉత్పత్తి అధికారి మాట్లాడుతున్నాడు.

"యాభై రెండు సెకన్లకైనా మూసుకుంది కదండీ. అసలు మూసుకోలేదని కాదుగా. నాలుగు నెలల్లో వార్షిక మరమ్మతు ఉండనే ఉంది. అప్పటిదాకా మినహాయింపు కాగితం రాసుకుందాం. మీ సంతకం ఒక్కటే కావాలి మేడమ్."

"ఆరు నెలల కిందట ఇరవై ఏడు పట్టింది సార్. ఇప్పుడు యాభై రెండు. ఇంకో నాలుగు నెలలకి ఎంతవుతుందో మీరు రాసివ్వండి, నేను సంతకం పెడతాను."

స్పీకర్ కాసేపు గరగరలాడింది. "జోస్యం చెప్పమంటే ఎలా చెబుతానండీ?"

"నాకూ జోస్యం రాదు సార్. అందుకే పెట్టడం లేదు."

పెద్దాయన చొక్కా అంచుతో కళ్లద్దాలు తుడుచుకున్నాడు. ఎవరికీ ఎదురు చెప్పకుండా ఆలోచించుకోవలసి వచ్చినప్పుడు ఆయన చేసే పని అది. "అయితే ఏం చేద్దామంటావమ్మా?" అన్నాడు చివరికి.

"రేపు పొద్దున పదింటిదాకా టైమివ్వండి సార్. ఈ ఒక్క వాల్వూ చూసి ఏమీ చెప్పలేను. దాని చుట్టుపక్కలవి ఎలా ఉన్నాయో చూస్తాను."

"వాటన్నిటికీ కాగితాలున్నాయి కదా," అంది స్పీకర్.

"అవే చూస్తానంటున్నాను."

కంప్రెసర్ల హాల్లోకి వెళ్లేటప్పుడు చెవులకు డొప్పలు పెట్టుకోవాలి. పెట్టుకున్నా పళ్లు జివ్వుమంటాయి. మూడు కంప్రెసర్లు వరసగా, ఒక్కోటీ చిన్న గదంత ఉంటాయి. దక్షిణం మూల, మూడో కంప్రెసర్ పైన ఉన్న డిటెక్టర్లు మూడింటికీ ఎర్ర చీటీలు వేలాడుతున్నాయి. తేమ పట్టి ఊరికే మోగుతున్నాయని ఆరు వారాల కిందట వాటిని ఆపేశారు. ఆమె ఆ కాగితం తీసి చదివింది. 'మిగతా అయిదు డిటెక్టర్లు పనిచేస్తున్నవి. లీకు జరిగినా అత్యవసర వాల్వు వెంటనే మూసుకొనును. కావున ప్రమాదం స్వల్పం.'

అక్కడినుంచి ఆ మూల పక్కనే ఉన్న పంపుల గదికి వెళ్లింది. రెండు అగ్నిమాపక పంపుల్లో ఒకదాని గేరు పెట్టె విప్పి ఒడ్డుకు పంపారు. దాని స్థానంలో నాలుగు బోల్టుల కన్నాలు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. దాని కాగితంలో 'డిటెక్టర్లు ముందుగానే పసిగట్టును, మంట చిన్నదిగానే ఉండును, ఒక పంపు సరిపోవును' అని ఉంది.

మళ్లీ హాల్లోకి వచ్చింది. హాలుకీ, మనుషులు పడుకునే గదులకీ మధ్య ఒక మందపాటి గోడ ఉంది. మంటను రెండు గంటలపాటు ఆపడానికి కట్టిన గోడ. కొత్త కేబుళ్లు లాగడానికి మూడో కంప్రెసర్ ఎదురుగా, మోకాలి ఎత్తులో దానికో కన్నం వేశారు. పూడ్చే సరుకు రాలేదని ఆ కన్నంలో పాత గుడ్డలు కుక్కారు. దానికీ కాగితం ఉంది. 'పంపుల నీరు గోడను చల్లగా ఉంచును.'

మెట్ల మీద కూర్చుని మూడు కాగితాలనూ ఒళ్లో పరిచింది. ఒక్కొక్కటీ విడిగా చదివితే తప్పు పట్టడానికేమీ లేదు. ఎవరి సంతకం వాళ్లు సక్రమంగానే పెట్టారు. ఈమె పెట్టినది కూడా ఒకటుంది. పంపు కాగితం మీద, నెల కిందట. తన సంతకం కేసి ఆమె చాలాసేపు చూసింది. డిటెక్టర్లు వాల్వును నమ్ముకున్నాయి. పంపు డిటెక్టర్లను నమ్ముకుంది. గోడ పంపును నమ్ముకుంది. రేపు వాల్వు కాగితం రాస్తే అది ఈ మూడింటినీ నమ్ముకుంటుంది. ఒకరి భుజం మీద ఒకరు తల వాల్చి నలుగురు కాపలావాళ్లు నిద్రపోతున్నట్టుంది. అన్నీ ఒకే మూల, మూడో కంప్రెసర్ చుట్టూనే.

మూడో కంప్రెసర్ నడిపేది ఆమె తమ్ముడు.

సాయంత్రం క్యాంటీన్‌లో ఆమె పళ్లెం పక్కన పళ్లెం పెట్టి కూర్చున్నాడు. ఈమెకన్నా తొమ్మిదేళ్లు చిన్న. అతని భార్యకు నెలలు నిండాయి, డాక్టరు వచ్చే వారమని చెప్పింది. గురువారం హెలికాప్టర్‌లో అతనికి సీటు ఖాయమైంది. అది ఎల్లుండే.

"అక్కా, వాల్వు గొడవ నిజమేనా?"

"నిజమే."

"ఆపేయిస్తావా?"

"చెప్పాల్సింది చెబుతాను. ఆపడం, ఆపకపోవడం పెద్దాయన చేతిలో ఉంది."

"అందరి ముందూ అనే మాట నా దగ్గరెందుకు? నువ్వు సంతకం పెడితే నడుస్తుంది, పెట్టకపోతే ఆగుతుంది. చిన్నపిల్లాడికి కూడా తెలుసు." పళ్లెంలో అన్నం కెలుకుతూ గొంతు తగ్గించాడు. "ఆపితే హెలికాప్టర్ సీట్లన్నీ మరమ్మతువాళ్లకి పోతాయి. మమ్మల్ని ఆపేస్తారు. మళ్లీ నడిపించాలంటే మూడో మిషను తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే ఉన్నాను. రెండోవాడు చెయ్యి విరగ్గొట్టుకుని ఒడ్డున కూర్చున్నాడు."

"తెలుసురా."

"తెలిసీ?"

ఆమె మంచినీళ్ల గ్లాసు అతని వైపు జరిపింది. జవాబు లేక కాదు. ఏం చెప్పినా గాయం మీద కారమే అవుతుందని.

"నాలుగు నెలలక్కా. ఇన్నాళ్లూ ఏమీ కాలేదు, ఇంకో నాలుగు నెలల్లో ఏమవుతుంది? నీ కుందేలికి ఎప్పుడూ మూడే కాళ్లు!" అంటూ లేచాడు. పళ్లెం అలాగే వదిలేశాడు. అది కూడా తీసి కడిగే చోట పెట్టి, ఆమె గదికి వెళ్లిపోయింది.

తెల్లారి పదింటికి పెద్దాయన బల్ల మీద ఒక పెద్ద కాగితం పరిచింది. కంప్రెసర్ల హాలు బొమ్మ చేత్తో గీసింది. దాని మీద నాలుగు ఎర్ర చుక్కలు. నాలుగూ అరచేతి కింద దాగిపోయేంత దగ్గరగా ఉన్నాయి. ఒక్కో కాగితం చదివి, అది దేన్ని నమ్ముకుందో అక్కడికి పెన్సిలుతో గీత గీసింది. గీతలన్నీ తిరిగి తిరిగి ఎర్ర చుక్కల దగ్గరికే వచ్చాయి.

"ఈ పంపు కాగితం మీద సంతకం నాదే సార్," అంది. "అప్పుడు పంపు ఒక్కటే చూశాను, తప్పు చేశాను. ఇవాళ నాలుగూ కలిపి చూశాక నాలుగో కాగితం మీద సంతకం పెట్టలేను."

"మేడమ్, మీరు గోరంతలు కొండంతలు చేస్తున్నారు," అంది స్పీకర్. "ఒకేసారి నాలుగూ ఫెయిలయ్యే అవకాశం ఎంతో తెలుసా?"

"నాలుగూ ఇప్పటికే ఫెయిలయి ఉన్నాయి సార్. ఇక కావాల్సింది లీకు ఒక్కటే."

పెద్దాయన కళ్లద్దాలు తీశాడు. ఈసారి తుడవలేదు, జేబులో పెట్టుకున్నాడు. "మీరు లైన్లో ఉండండి," అని ఫోనుకు చెప్పి, "పద," అన్నాడు ఆమెతో.

ఇద్దరూ హాల్లోకి వెళ్లారు. ఆయన డిటెక్టర్ల కేసి చూడలేదు, వాల్వు కేసీ చూడలేదు. నేరుగా గోడ దగ్గరికి వెళ్లి ఒక మోకాలు వంచి కూర్చున్నాడు. కన్నంలో కుక్కిన గుడ్డ పట్టుకు లాగాడు. ఒక చొక్కా, దాని వెనకాల ఒక తువ్వాలు బయటికి వచ్చాయి. వంగి అందులోంచి చూశాడు. అవతల గదుల వసారా, వసారాలో ఎవరివో రబ్బరు చెప్పులు, తడి పాదాల గుర్తులు కనిపించాయి. స్నానం చేసి ఎవరో అప్పుడే గదిలోకి వెళ్లినట్టున్నారు. లేచేటప్పుడు ఆమె భుజం పట్టుకుని లేచాడు.

గదికి తిరిగి వచ్చి నిలబడే మాట్లాడాడు. "ఆపుతున్నాం. ఇవాళ మధ్యాహ్నం నుంచి. నాలుగూ బాగయ్యేదాకా మళ్లీ మొదలెట్టం."

"ఆ అధికారం మీకుంది, కాదనను," అన్నాడు అధికారి, ఒక్కో మాటా తూచుతూ. "కానీ పైవాళ్లకు జవాబు మీరే చెప్పుకోవాలి."

"చెప్పుకుంటాను."

ఫోను పెట్టేశాక ఆయన ఆమెను ఆగమన్నాడు. "మీ తమ్ముడి సంగతి నాకు తెలుసమ్మా. పంపించేద్దామా? ఎలాగో సర్దుకుంటాం."

ఆ ఒక్క ప్రశ్నకే ఆమె రాత్రంతా భయపడింది. "వాణ్ణే అడగండి సార్. పంపమని నేననను, ఉంచమనీ అనను. నా నోటితో మాత్రం అడిగించకండి."

అడిగారు. మూడో మిషను తెలియనివాళ్ల చేత నడిపిస్తారా అని తమ్ముడు ఎదురడిగాడు. పెద్దాయన నీళ్లు నమిలాడు. "అయితే ఉంటాను," అని తమ్ముడు వచ్చేశాడు. అక్కతో మాత్రం ఆ రోజు నుంచి మాట మానేశాడు.

మాట మానేసింది అతనొక్కడే కాదు. సెలవు మీద వెళ్లాల్సినవాళ్లు ముప్పై నలుగురు ఆగిపోయారు. ఒకతని చెల్లెలి పెళ్లి, ఇంకొకతని ఇల్లు మారడం, ఇంకెవరిదో పంటి నొప్పి, అన్నీ ఆమె ఖాతాలోనే పడ్డాయి. టీ తాగుతున్న గుంపు దగ్గరికి వెళితే గుంపు పల్చబడేది. ఆమె ఎవర్నీ బతిమాలలేదు, ఎవరికీ సంజాయిషీ ఇవ్వలేదు. తెల్లారగట్లే లేచి ఏ పని ఎక్కడిదాకా వచ్చిందో చూసుకునేది. డిటెక్టర్లకు తేమ తగలకుండా రేకు గొడుగులు చేయించింది. కన్నం పూడ్చే సరుకు పడవలో వచ్చిన రోజున, పూడ్చేవాడి పక్కన కూర్చుని చివరి అంగుళం దాకా చూసింది.

నాలుగో రోజున మేస్త్రి ఆమెకు కబురు పెట్టాడు. వాల్వును తిప్పే పెద్ద డబ్బాను విప్పి నేల మీద పెట్టారు. తమ్ముడు కూడా అక్కడే ఉన్నాడు, గొలుసు పట్టుకుని. లోపలి స్ప్రింగు మనిషి తొడంత లావుంది. అది రెండు ముక్కలై ఉంది. చుట్టూ ఉప్పు తిన్న తుప్పు పొరలు.

"చూశావా పుల్లమ్మా," అన్నాడు మేస్త్రి. "యాభై రెండు సెకన్లకైనా మూసుకుందంటే అది దీని మంచితనం. ఇంకోసారి మూయమంటే నా వల్ల కాదు పొమ్మనేది."

ఆమె తమ్ముడి కేసి చూసింది. అతను స్ప్రింగు విరిగిన చోట వేలితో రాస్తున్నాడు. వేలికి అంటిన తుప్పును ప్యాంటుకు తుడుచుకుని మళ్లీ గొలుసు అందుకున్నాడు.

ఆరో రోజున క్యాంటీన్‌లో వంటాయన ఆమె పళ్లెంలో ఒక మిఠాయి ముక్క వేశాడు. "ఏంటి విశేషం?" అంటే వింతగా చూశాడు. "అదేంటమ్మా, మీకు చెప్పలేదా? మీ తమ్ముడికి ఆడపిల్ల. పొద్దున్నే ఫోనొచ్చింది."

ఆమె ఆ ముక్క చేతిలో పట్టుకునే లేచింది. ఫోను గదికి వెళ్లి అమ్మకు ఫోను చేసింది.

"తల్లీ బిడ్డా బాగున్నారే," అంది అమ్మ. "పిల్ల నీ ముక్కు పెట్టుకుని పుట్టింది. మొండితనం కూడా నీదే, పద్నాలుగు గంటలు రానని భీష్మించుకుంది. నువ్వు ఏడుస్తున్నావా?"

"లేదమ్మా. లైను బాలేదు."

"లైనుకి జలుబు చేయదే," అంది అమ్మ. "వాడు నీ మీద కోపంగా ఉన్నాడు. ఉండనీ. కోపం చల్లారాక నువ్వు ఎందుకు చేశావో వాడే నాకు చెబుతాడు. నువ్వేం చెప్పొద్దు. భోజనం చెయ్యి."

పదో రోజు పొద్దుటికి అన్నీ సిద్ధమయ్యాయి, మరమ్మతువాళ్లు ఒడ్డుకు వెళ్లిపోయారు. కొత్త స్ప్రింగుతో వాల్వు ఇరవై నాలుగు సెకన్లలో మూసుకుంది. డిటెక్టర్లు ఎనిమిదీ పనిచేస్తున్నాయి. రెండు పంపులూ నీళ్లు చిమ్మాయి. గోడ నిండుగా ఉంది. ఆమె నాలుగు మరమ్మతుల కాగితాల మీదా 'పూర్తయినది' అని రాసి సంతకం పెట్టింది. పెద్దాయన కంప్రెసర్లు నడపమన్నాడు.

ఆగిన మిషన్లను మళ్లీ లేపేటప్పుడే ప్రమాదమెక్కువని ఆ పని తెలిసిన ప్రతివాడికీ తెలుసు. అందుకే ఆమె కంట్రోలు గదిలోనే కూర్చుంది. మొదటి కంప్రెసర్ లేచింది. రెండోది లేచింది. మూడోదాని దగ్గర తమ్ముడున్నాడు. ఒత్తిడి మెల్లగా పెరుగుతోంది. రేడియోలో అతని గొంతు పది నిమిషాలకోసారి అంకెలు చదువుతోంది. ఆ పది రోజుల్లో ఆమె అతని గొంతు విన్నది ఆ అంకెల్లోనే.

పదకొండు దాటి ఇరవై నిమిషాలకు దక్షిణం మూల డిటెక్టరొకటి ఎర్రగా వెలిగింది. ఆ వెంటనే దాని పక్కది వెలిగింది. రెండూ నిన్నటిదాకా చీటీలు వేలాడినవే.

రెండు వెలిగితే ఎవరి అనుమతీ అక్కర్లేదు. సైరన్ మోగింది. మిషన్లు ఆగిపోయాయి. గోడ మీది పెద్ద బొమ్మలో వాల్వు గుర్తు ఆకుపచ్చ నుంచి పసుపుకు మారింది. కదులుతోందన్నమాట. ఆమె పెదవులు వాటంతటవే లెక్కపెడుతున్నాయి. పది. పదిహేను. పంపులు మొదలైన హోరు నేలలోంచి కాళ్లకు తెలిసింది. ఇరవై. ఇరవై మూడు. గుర్తు ఎర్రబడింది. మూసుకుంది. గొట్టాల్లో మిగిలిన గ్యాసు మంటగొట్టం గుండా పైకి పోయి, ప్లాట్‌ఫాం చివర ఆకాశంలో పెద్ద మంటై ఎగసింది. మండాల్సిన చోటే మండింది.

అందరూ లైఫ్‌బోట్ల దగ్గర గుమిగూడారు. లెక్క చూసే అతను పలక పట్టుకుని పేర్లు పిలిచాడు. తొంభై అయిదు మందే పలికారు.

"మూడో కంప్రెసర్," అన్నాడు అతను, ఆమె కేసి చూడకుండా.

ఆ నిమిషం ఆమెకు ఒక్కటే తోచింది. గురువారం హెలికాప్టర్ ఎక్కి ఉంటే వాడిప్పుడు ఇంట్లో కూతుర్ని ఎత్తుకుని ఉండేవాడు. ఇక్కడ ఉంచింది నేను. ఈ మిషన్లు ఆగి మళ్లీ లేచేలా చేసిందీ నేనే. కాళ్లు హాలు వైపు రెండడుగులు వేశాయి. మేస్త్రి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "వెళ్లకూడదని రాసింది నువ్వే," అన్నాడు. ఆమె ఆగింది. ఆగడం కన్నా కష్టమైన పని ఆ పది రోజుల్లో ఆమె చేయలేదు.

మెట్ల మలుపులో తమ్ముడు కనిపించాడు. తల నుంచి కాళ్ల దాకా తడిసి, బూట్లలోంచి నీళ్లు కారుస్తూ నడిచి వస్తున్నాడు. దక్షిణం తలుపు దగ్గర నీళ్ల ధార గోడలా పడుతుంటే చుట్టు తిరిగి ఉత్తరం మెట్ల మీదుగా వచ్చాడట. లెక్క చూసే అతను గట్టిగా "తొంభై ఆరు!" అని అరిచాడు.

తమ్ముడు నేరుగా వచ్చి అక్క ముందు నిలబడ్డాడు.

"అక్కా," అన్నాడు. "ఆకలేస్తోంది."

ఆమె నవ్వబోయింది. నవ్వు బయటికి రాలేదు. తన కోటు విప్పి అతని భుజాల చుట్టూ కప్పింది.

కారింది ఎక్కడినుంచో మధ్యాహ్నానికి తేలింది. మూడో కంప్రెసర్ పక్కన, ఒత్తిడి చూపే మీటరుకు వెళ్లే వేలి లావు గొట్టం మెడ దగ్గర తెగింది. మిషను అదురుకు మెల్లమెల్లగా చీలిన పగులు అది. పెద్దాయన ముక్కను బల్ల మీద పెట్టి మేస్త్రి చేతికి భూతద్దమిచ్చాడు.

"ఆపి మళ్లీ లేపడం వల్లే తెగిందా?" ఆమే అడిగింది. ఎవరో ఒకరు ఆ మాట అనేలోపు తనే అడగాలనుకుంది.

మేస్త్రి వెలుతురుకు పట్టి చూశాడు. "ఇవాళ తెగింది ఈ కొసన సన్నటి గీతంత. తక్కినదంతా నల్లబడిపోయింది, చూడు. పాత పగులు. నెలల నుంచీ ఉంది. ఇవాళ కాకపోతే వచ్చే వారం, కాకపోతే ఆ పై వారం పోయేది." భూతద్దం కింద పెట్టాడు. "పది రోజుల క్రితం పోయుంటే డిటెక్టర్ చూసేది కాదు, వాల్వు మూసుకునేది కాదు. ఇలా కూర్చుని నేనీ ముక్క చూస్తూ ఉండేవాణ్ణీ కాదు."

ఆ సాయంత్రం పెద్దాయన ఒడ్డు ఆఫీసుకు ఫోను చేశాడు. ఉత్పత్తి అధికారి అంతా విని, "మేడమ్ ఉన్నారా అక్కడ?" అని అడిగాడు. ఉన్నానంది. "ఆ నాలుగు చుక్కల బొమ్మ నాకొక కాపీ పంపండి," అన్నాడు. క్షమాపణ అడగలేదు. ఆమె కూడా ఎదురుచూడలేదు. ఆమెకు కావాల్సింది వేరే. "పంపుతాను సార్. కానీ బొమ్మ ఒక్కసారి చూస్తే చాలదు. ఏ మూల ఏమేం పాడై ఉన్నాయో అన్నీ ఒకే కాగితం మీద పెట్టి రోజూ పొద్దున చూడాలి. కొత్త మినహాయింపు ఏది రాసినా ఆ కాగితం ముందు పెట్టుకునే రాయాలి. దానికి మీరు ఒప్పుకుంటున్నట్టు రాసి పంపండి."

మర్నాడు ఆ కాగితం వచ్చింది.

పదిహేనో రోజున అక్కా తమ్ముళ్లు ఒకే హెలికాప్టర్‌లో ఒడ్డుకు చేరారు. దారిలో తమ్ముడు మాట్లాడింది తక్కువ. దిగేముందు మాత్రం, రెక్కల హోరులో, ఆమె చెవి దగ్గర నోరు పెట్టి అన్నాడు. "ఇంటికి రా. నీ మరదలు నిన్ను కడిగేస్తానని కాచుక్కూర్చుంది. నేనేమీ అడ్డుపడను, ముందే చెబుతున్నా."

మరదలు మంచం మీద కూర్చుని పిల్లకు పాలిస్తోంది. కళ్ల కింద నల్లటి వలయాలున్నాయి. తమ్ముడు గుమ్మంలోనే బూట్లు విప్పడానికి అవసరమైన దానికన్నా ఎక్కువసేపు తీసుకున్నాడు.

"రండి వదినా," అంది మరదలు. "నొప్పులొచ్చినప్పుడు మిమ్మల్ని తిట్టని తిట్టు లేదు. డాక్టరమ్మ కూడా విన్నది."

"తిట్టు. తప్పేం లేదు."

"తిట్టేశానుగా, అయిపోయింది. మొన్న ఈయన ఫోనులో జరిగింది చెప్పాక, మళ్లీ తిడదామంటే తిట్లు గుర్తు రావట్లేదు." పిల్లను భుజం మీదికి మార్చుకుంది. "నేను ఒంటరిగా కన్నాను వదినా. అది మాత్రం మర్చిపోను."

"మర్చిపోవద్దు," అంది ఆమె. "నేనూ మర్చిపోను."

మరదలు పిల్లను ఆమె చేతుల్లో పెట్టింది. ముక్కు నిజంగానే ఈమెదే. పిల్ల ఒక కన్ను తెరిచి, నచ్చనట్టు మూసేసుకుంది.

అప్పుడే ఆమె ఫోను మోగింది. చేతులు ఖాళీ లేకపోవడంతో తమ్ముడు తీసి ఆమె చెవి దగ్గర పెట్టాడు. పెద్దాయన గొంతు. కంపెనీకే చెందిన ఇంకో ప్లాట్‌ఫాం మీద అలాంటి బొమ్మే గీసి చూశారట. ఒకే మూల ఏడు ఎర్ర చుక్కలు వచ్చాయట. అక్కడివాళ్లు వాదించుకుంటున్నారు, ఆపాలా వద్దా అని. నీ సెలవు పాడుచేయడం నాకిష్టం లేదమ్మా, కానీ సోమవారం రాగలవా అన్నాడు.

ఆమె జవాబిచ్చేలోపు మరదలు చెయ్యి చాచి పిల్లను వెనక్కి తీసుకుంది.

"వెళ్లండి వదినా. అక్కడా ఎవరికో ఒకరికి నెలలు నిండే ఉంటాయి."

"సోమవారం దాకా ఎందుకు సార్," అంది ఆమె ఫోనులోకి. "రేపు పొద్దున సీటుంటే చెప్పండి. ఈలోపు ఆ ఏడు కాగితాలూ నాకు పంపమనండి. ఇవాళే చదివేస్తాను."